పసుపు పూసిన అటాచ్‌మెంటు

ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు మెయిలు పంపాక నాలుక కరుచుకుని, ఫైలు పెట్టడం మరిచాం అంటూ ఇంకో మెయిలు పంపడం చూస్తుంటాను. మా మనవరాలు వారానికి రెండుసార్లయినా ఆ పని చేస్తుంది. మిగతా అన్నిటికీ తిడతాను గానీ దానికి మాత్రం ఏమీ అనను. అనే హక్కు నాకు లేదు. మరిచిపోయి కాదు, తెలిసి, బాగా ఆలోచించి, ఇదే తెలివైన పని అనుకుని ఒక ఫైలును పెట్టకుండా వదిలేసినదాన్ని నేను. దానివల్ల ఒక ఆదివారం ఫిల్మ్‌నగర్‌లో ఒక వీధి వీధంతా కార్లు కదలక నిలిచిపోయాయి. ఒక డాక్టరు తన సొంత ఆసుపత్రిలోకి వెనక గుమ్మం నుంచి రావలసి వచ్చింది. ఒక పిల్ల ఉద్యోగం ఊడినంత పనయింది.

జూబ్లీహిల్స్ గుట్ట దిగి ఫిల్మ్‌నగర్ వైపు తిరిగే చోట, ఒక మేడ కింది భాగంలో ఉండేది మా పళ్ళ ఆసుపత్రి. అందులో ఇరవై రెండేళ్ళు చేశాను. నా చదువు నాలుగో తరగతి. చేరినప్పుడు పరికరాలు కడిగి ఆవిరి పెట్టెలో పెట్టడమే పని. నేను ఒక వస్తువు పారేయననీ, పెట్టిన చోటు మరిచిపోననీ తెలిశాక రోగుల కార్డులన్నీ నాకు అప్పగించారు. తెలుగు బాగానే చదువుతాను, రాత గుండ్రంగా ఉంటుంది. ఇంగ్లీషు పేర్లను అక్షరాల ఆకారం చూసి గుర్తుపట్టేదాన్ని. అది కూడా అవసరం పడేది కాదు. మనిషి గుమ్మంలో నవ్వితే చాలు, ఏ అరలో ఏ కార్డో చేయి దానంతటదే వెళ్ళేది.

డాక్టరు గారు కోస్తా వైపు మనిషి. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. చేయి చాలా మంచిది, మాట తక్కువ. రోగి నోట్లో అద్దం పెట్టాకే కుశల ప్రశ్నలు అడిగేవారు. ఎదుటివాళ్ళు జవాబు చెప్పలేరు కనుక ఆయనకు సుఖంగా ఉండేది.

సాయంత్రం షిఫ్టులో రిసెప్షన్ దగ్గర ఒక పిల్ల ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చింది. పొద్దున అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, నాలుగింటి నుంచి మా దగ్గర డ్యూటీ, ఉండడం కృష్ణానగర్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో. అది మాధాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న కాలం. నగరంలో సగం మంది పిల్లలు ఏదో ఒక కోర్సు చదువుతూ, ఏదో ఒక చోట సాయంత్రాలు పనిచేస్తూ ఉండేవారు. ఈమెకు మా సాయంత్రం షిఫ్టు ఉంటే కోర్సు ఉంటుంది, గది ఉంటుంది. లేకపోతే ఊరికి బస్సెక్కడమే. అక్కడ ఇంట్లోవాళ్ళు పెట్టె సర్దుకుని వచ్చేయమని వారం వారం ఫోను చేస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది మాకు సాయంత్రం రోగులు తగ్గిపోయారు. చుట్టూ కొత్త ఆసుపత్రులు, లోపల ఏసీలు, గోడల మీద నవ్వే బొమ్మలు. ఒకరోజు డాక్టరు గారు ఆ పిల్లనూ నన్నూ పిలిచి, వచ్చే వారం కాక పై ఆదివారం ఉచితంగా పళ్ళు చూస్తానన్నారు. కనీసం నలభై మంది వస్తే సాయంత్రం షిఫ్టు నడుపుతాను, రాకపోతే నెలాఖరుకు మూసేస్తాను, అప్పుడు మీరు వేరే చోటు చూసుకోవాలి అని ఆ పిల్లతో చెప్పారు. తిట్టినట్టు కాదు, పుచ్చిపోయిన పన్ను గురించి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

ఆ పిల్ల కంగారు పడలేదు. మన రోగుల్లో సగం మంది మెయిలు అడ్రసులు కార్డుల మీద ఉన్నాయి, అందరికీ మెయిలు పంపుదాం అంది. రంగురంగుల కాగితం ఒకటి తయారుచేసింది. ఎడమ పక్క గారపట్టిన పళ్ళు, కుడి పక్క మెరిసే పళ్ళు, కింద ఆదివారం ఉచిత పరీక్ష అని ఇంగ్లీషులో ముచ్చటగా రాసి, అందరికీ ఒకేసారి పంపింది. మూడు రోజులు చూశాం. ఒక్కరు జవాబివ్వలేదు, ఎవరూ తెరిచి చూసినట్టే లేదు.

నాకు అందులో తప్పు వెంటనే కనిపించింది. "అందరికి ఒక్కటే కాయిదం పడేస్తే ఎవరొస్తరు బిడ్డా? పిలుపంటే పేరు పెట్టి పిలవాలె" అన్నాను.

మా చిన్నకొడుకు పెళ్ళిలో మిగిలిన ఖాళీ శుభలేఖలు ఏడు నా పెట్టెలో ఉన్నాయి. పైన వినాయకుడి బొమ్మ, దాని కింద శ్రీరస్తు శుభమస్తు అచ్చువేసి, మిగతాది ఖాళీగా ఉండే రకం. ఏడూ ఎందుకు, ఒకటి చాలనుకున్నాను. నాలుగు మూలలా పసుపు పెట్టాను. మధ్యలో పెన్నుతో, ఆదివారం ఉదయం పది గంటల ముప్పై అయిదు నిముషాల శుభముహూర్తమున మా డాక్టరు గారి ఆసుపత్రి యందు జరుగు శుభకార్యమునకు తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేయ ప్రార్థన అని రాశాను. నా జీవితంలో నాకు బాగా వచ్చిన ఉత్తరం అదొక్కటే. ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళు చేసినదాన్ని, చూడకుండా రాయగలను. ముహూర్తం కూడా నిజంగానే పంచాంగం చూసి పెట్టాను. ఫిల్మ్‌నగర్‌లో మంచి గడియ చూడకుండా కెమెరా మూత కూడా తీయరు మరి.

ఇక పేర్లు. పేరు మాత్రం పెన్సిలుతో రాసేదాన్ని. ఆ పిల్ల దాన్ని స్కానర్ మీద పెట్టి కంప్యూటర్‌లోకి తీసేది. నేను రబ్బరుతో పేరు చెరిపి ఇంకో పేరు రాసేదాన్ని. నాలుగు సాయంత్రాలు అదే పని. నూట నలభై మందిని ఒకే కార్డు మీద పిలిచాం. చివరికొచ్చేసరికి పేరు రాసే చోట కాగితం ఉల్లిపొరలా తయారైంది.

ఆ పిల్ల కార్డును రెండుసార్లు చదివి, "పెద్దమ్మా, ఇందులో పళ్ళ మాటే లేదేంటి?" అని అడిగింది.

"పసుపు పెట్టిన కాయిదం మీద పుచ్చుపండ్లు, పీకుడు అని రాస్తరా ఎవరన్న? గా సంగతి నీ రంగుల కాయిదంల ఉన్నది గద. రెండు కలిపి పంపు" అన్నాను.

ఆమెకు అది నచ్చింది. ప్రతి మెయిలుకూ రెండు ఫైళ్ళు, మొదట శుభలేఖ, తర్వాత రంగుల కాగితం. రెండోది లేకపోతే మొదటిది అర్థం కాదు, గుర్తుపెట్టుకో పెద్దమ్మా అని కూడా హెచ్చరించింది. ఎందుకంటే సరిగ్గా ఆ గురు, శుక్రవారాల్లో ఆమెకు కోర్సు పరీక్షలు. పంపే పని నా మీద పడింది. మెయిలులో వివరాలకు జతచేసినది చూడండి అని ఒక్క వాక్యం ఆమే రాసిపెట్టింది. ఏ పేరుకు ఏ ఫైలో చీటీ రాసిచ్చింది. కాగితాలకు పెట్టే క్లిప్పు బొమ్మ కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఫైళ్ళ జాబితా వస్తుంది, పేరు చూసి ఎంచుకో, గీత నిండేదాకా ఆగు, పంపు. ఇంతే. మధ్యాహ్నానికి నాకు చేయి తిరిగింది.

శుభలేఖ తొందరగానే ఎక్కేది. రంగుల కాగితం మాత్రం ఆ రెండు వరసల పళ్ళనూ మోసుకుంటూ, ఎండలో గుట్టెక్కే రిక్షాలా కదిలేది. మా ఆసుపత్రికి ఉన్నది ఒకే ఫోను లైను. ఇంటర్నెట్టూ దాని మీదే. ఇంటర్నెట్టు కలిసి ఉన్నంతసేపూ ఫోను మోగదు. ముగ్గురికి పంపేసరికి గంట గడిచింది. డాక్టరు గారు గదిలోంచి వచ్చి, "లైను వదలండి అండీ, పొద్దుట్నుంచి ఒక్క ఫోనూ రాలేదు" అన్నారు. ఆయన రెండోసారి అన్నప్పుడు నేను ఆలోచనలో పడ్డాను. ఇలాగైతే నూట నలభై మందికి ఎప్పటికి పంపేను? శుభలేఖ కవరులో ఎవరైనా రెండు కాగితాలు పెడతారా? పిలుపు ముఖ్యం. ఎందుకు పిలిచారో తెలియాలనుకున్నవాళ్ళు ఫోను చేసి అడుగుతారు. ఇలా అన్నివైపుల నుంచీ ఆలోచించి, రంగుల కాగితం మానేశాను. శుక్రవారం సాయంత్రానికి అందరికీ పంపి, ఎంత సమయం మిగిల్చానో తలచుకుని మురిసిపోతూ యూసుఫ్‌గూడ దాకా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఫోను చేసి అడగాలనుకున్నవాళ్ళకు ఆ రెండు రోజులూ లైను దొరకలేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఆ లైను పట్టుకుని కూర్చున్నది నేనే.

ఆదివారం తొమ్మిదింటికే ఆ పిల్ల వచ్చి కుర్చీలు వేసింది. నలభై కుర్చీలు అద్దెకు తేవడం దండగని నేను పన్నెండే తెప్పించాను. తొమ్మిదిన్నర దాకా ఎవరూ లేరు. ఆమె గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూనే ఉంది.

పది దాటాక మొదటి కారు ఆగింది. ఒక పేరున్న మేకప్‌మాన్, పట్టుపంచె, జరీ కండువా, చేతిలో రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె. వెనక ఆయన భార్య, కంచిపట్టు చీర, తలనిండా మల్లెలు. పళ్ళు చూపించుకోవడానికి ఇంత సింగారమా అనుకుని, పోనీలే, సినిమావాళ్ళు కదా అని సరిపెట్టుకున్నాను. తర్వాత ఇద్దరు సాఫ్ట్‌వేర్ దంపతులు పూలగుత్తులతో వచ్చారు. ఆ వెనక ఒక నిర్మాత మేనేజరు పళ్ళబుట్ట మోయించుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత, సినిమాల్లో పెళ్ళికూతురి తండ్రి వేషాలు వేసే పెద్దాయన కొడుకులు, కోడళ్ళు, మనవలతో రెండు కార్లలో దిగి, నా రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నాళ్ళకి ఆయన మనసు మారిందన్నమాట" అన్నారు. నేను అవునండీ, ఉచితమే అన్నాను. ఆయన అదోలా చూశారు.

అప్పుడు వచ్చింది వ్యాను. జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే కోఆర్డినేటర్ ఒకాయన మా రోగి. ఆయనకు ఒక్క మెయిలు పంపాను. సపరివారం అన్నాను కదా, ఆయన పరివారం కృష్ణానగర్ నుంచి నలభై మంది దిగారు. పెళ్ళి షూటింగు బట్టలే వేసుకొచ్చారు, మెరిసిపోతున్నారు. కోఆర్డినేటర్ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "అమ్మా, మావోళ్ళను పెండ్లికొడుకు దిక్కు నిలవెట్టాల్నా, పెండ్లికూతురు దిక్కా?" అని అడిగాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. ఆమె చకచకా వెళ్ళి, పంపిన మెయిళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. అన్నిటికీ పక్కన క్లిప్పు బొమ్మ ఉంది. మొదటి మూడూ తప్ప, క్లిప్పుకు ఒక్కటే ఫైలు ఉంది. "రెండోది ఏది పెద్దమ్మా?" అంది. ఆమె టేబులు మీద తల ఆనించుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి.

బయట వీధంతా కార్లు. లోపల ఎవరో అక్షింతలు పంచుతున్నారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. జూనియర్ ఆర్టిస్టులు ఎవరూ చెప్పకుండానే రెండు పక్షాలుగా విడిపోయి, ఒక పక్షం ఇంకో పక్షానికి పన్నీరు చల్లే సైగలు చేస్తోంది. ఇంతలో డాక్టరు గారు స్కూటరు మీద వచ్చారు. చొక్కా మీద ఇస్త్రీ కూడా లేదు. గుంపు చూసి వెనక సందులోకి తిప్పి, వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చారు. అంతలోనే ఎవరో ఆయన మెడలో దండ వేశారు.

దండతోనే మమ్మల్ని పరికరాల గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆయన ముఖం నేను ఎన్నడూ అలా చూడలేదు. పొద్దున్నే రాజమండ్రి నుంచి వాళ్ళమ్మగారు ఫోను చేశారట. ఎవరో ఆమెకు శుభాకాంక్షలు చెప్పారట. ఆమె ఏడుస్తూ, చెప్పకుండా చేసుకున్నావా, పిల్ల ఎవరు అని అడిగారట.

"ఎవరు చేశారండీ ఇది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపలే ఆ పిల్ల, "మెయిలు ఆలోచన నాదే సార్" అంది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ఆ పిల్ల ముఖంలో నవ్వు మాయమైంది. తల ఊపి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నన్ను పట్టివ్వలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. అదే నాకు ముల్లులా గుచ్చుకుంది.

"పంపింది నేను సార్" అన్నాను. "రాసింది నేను, పసుపు వెట్టింది నేను. రెండో కాయిదం గూడ వెట్టమని ఈ పిల్ల చెప్పింది, లైను ఆగం చేస్తున్ననని నేనే వెట్టలే. తీసేస్తే నన్ను తీసేయిండ్రి."

ఆయన నా వైపు తిరిగారు. అన్నేళ్ళలో ఆయన ఎదుట నేను గొంతు పెంచింది లేదు. ఇప్పుడు ఆగడం చేతకాలేదు.

"నలభై మంది గావాలంటిరి. బయట నూరు మంది ఉన్నరు. అందరికి నోరున్నది సార్. నోట్ల పండ్లున్నయి."

డాక్టరు గారు మెడలో దండ తీసి కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. చేతులు కడుక్కుంటున్నారంటే పనికి సిద్ధమని అర్థం. నేను బయటికి పరుగెత్తాను.

అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఇది పెళ్ళి కాదు, పళ్ళ పరీక్ష, ఒక ఫైలు పెట్టకపోవడం నా తప్పు, తెచ్చిన కానుకలన్నీ ఎవరివి వాళ్ళు తీసుకుపోవాలి, కానీ నోరు చూపించకుండా మాత్రం ఎవరూ పోవద్దు అన్నాను. నిర్మాత మేనేజరు పళ్ళబుట్టను మళ్ళీ చంకనెత్తుకోబోయాడు. అప్పుడు ఆ తండ్రి వేషాల పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "సినిమాల్లో ఎన్నో పెళ్ళిళ్ళు చేశానమ్మా. పన్ను చూపించుకోవడానికి పట్టుపంచె కట్టడం ఇదే మొదలు" అని, కండువా సర్దుకుని, వెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు.

ఆ తర్వాత నాకు ఊపిరి తీసే తీరిక లేదు. కోఆర్డినేటర్ రెండు చప్పట్లు కొట్టాడో లేదో, వాళ్ళ నలభై మంది క్షణంలో వరస కట్టారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడమంటే నిలబడే అలవాటున్న మనుషులు వాళ్ళు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ కదిలారు. మా దగ్గర నోటి అద్దాలు పన్నెండే. నేను అన్నిటిలోనూ పొదుపు చేస్తాను గానీ ఆవిరిలో చేయను. పన్నెండు అవగానే కడిగి పెట్టెలో పెట్టి, అది చల్లారేదాకా ఎవరెంత పెద్దవాళ్ళయినా కూర్చోమన్నాను. ఒక కోడలు నాకు సిఫార్సు చెప్పబోతే, "మీ నోట్ల ఇంకొకరి ఎంగిలి వెట్టమంటరా?" అన్నాను. ఆమె వెళ్ళి బుద్ధిగా కూర్చుంది.

ఆ ఆగిన సమయాల్లోనే అసలు పెళ్ళి సందడి జరిగింది. ఆ పిల్ల కార్డులు రాస్తూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంటే, రెండు పక్షాలూ చప్పట్లు కొట్టి మరీ పంపేవి. బయటికొచ్చినవాళ్ళు ఎన్ని పుచ్చాయో గొప్పగా చెప్పుకునేవారు. నాలుగు పుచ్చినాయన ఆడపెళ్ళివారికి పెద్ద అయ్యాడు. ఆరు పుచ్చినావిడ వచ్చి ఆయన్ను ఆ పదవి నుంచి దించింది. మధ్యాహ్నం అవుతుండగా పళ్ళబుట్ట మేనేజరుకు ఫోను వచ్చింది. హీరోకు జ్వరం, షూటింగు రద్దు, వండిన భోజనం ఏం చేయమంటారు అని. ఆయన నా వైపు చూశాడు. పారేసే అన్నం అనేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. అరగంటలో గుత్తివంకాయ, పప్పు, పెరుగు, క్యారియర్లకు క్యారియర్లు దిగాయి. నోరు చూపించుకున్నవాళ్ళకే విస్తరి అని నేను షరతు పెట్టాను. వెనకడుగు వేద్దామనుకున్న సాఫ్ట్‌వేర్ దంపతులు కూడా ఆ వాసనకు వరసలోకి వచ్చారు.

రాజమండ్రి అమ్మగారికి ఆ పిల్లే ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఆమె మొదట ఊరట పడి, వెంటనే మళ్ళీ ఏడ్చారట. ఆ పెళ్ళే నిజమయితే బాగుండేది అన్నారట.

ఆరింటికి ఆఖరి మనిషి వెళ్ళాడు. డాక్టరు గారు నడుము పట్టుకుని లేచి, ఆ పిల్ల ముందున్న కార్డుల దొంతరను తన చేత్తోనే లెక్కపెట్టారు. నూట పదకొండు. అందులో సగం మందికి పైగా ఏదో ఒక పని చేయించుకోవాలి. దాదాపు అందరూ సాయంత్రం గంటలే రాయించుకున్నారు. ఉద్యోగాలు, షూటింగులు చేసుకునేవాళ్ళు మరి, పగలు ఎవరికి కుదురుతుంది?

ఆ పిల్ల లేచి నిలబడింది. సంచీ అప్పటికే భుజానికి తగిలించుకుని ఉంది. అడగడానికి భయపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరు గారు కార్డులు తిరిగి ఆమె చేతిలో పెట్టి, "రేపు నాలుగింటికి మొదటి అపాయింట్‌మెంటు. మూడున్నరకే రండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇకమీదట ఫైళ్ళు పెట్టేది మీరే. పెట్టారో లేదో చూసేది ఆవిడ" అన్నారు. అది శిక్షో బహుమానమో నేను అడగలేదు. రిటైరయ్యేదాకా ఆ పని చేశాను. ఒక్క ఫైలూ వదలలేదు.

మరునాడు మూడున్నరకు ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. బెంచీలు నిండిపోయాయి. చోటు చాలక ఆమె కుర్చీలో నేను ఒక ముసలాయన్ను కూర్చోబెట్టాను. దవడ పట్టుకుని ఉన్నాడు పాపం. ఆయన లేవబోతే ఆమె వద్దంది. ఎనిమిదింటి దాకా టేబులు పక్కన నిలబడే ఫోన్లు ఎత్తింది, పేర్లు రాసింది, పిలిచింది. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా కుర్చీ అడగలేదు.